కొండను కాలితో తెలిసికొనుట

(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



భిలాయి పట్టణమున కొండ లేదు. ఎటు చూచినను సమతలమైన నేల. ఆ నేలపై వరిమళ్లు, చెరువులు, ఆవల శివనాథ నది. ఛత్తీస్‌గఢ్ మైదానమునకు ధాన్యపు గిన్నె యని పేరు. స్వస్థలమునుండి బంధువులెవరైన వచ్చినప్పుడు తెలుగు కుటుంబములవారు వారిని మైత్రీబాగ్‌నకు తీసికొనిపోవుదురు. బాలాజీ మందిరమునకు తీసికొనిపోవుదురు. రాత్రివేళ ఉక్కు కర్మాగారపు ఎఱ్ఱని వెలుగును దూరమునుండి చూపుదురు. సింహాచలము దాపునుండి వచ్చిన పెద్దమ్మ యొకతె, "ఇక్కడ ఎక్కదగిన కొండ ఏదైనా ఉన్నదా నాయనా?" అని అడిగినచో, "కొండ లెక్కడివి పెద్దమ్మా, ఇది మైదానము గదా" అని బదులు చెప్పుదురు.

ఆ బదులు సగమే నిజము. భిలాయిలో కొండ లేదనుట నిజము. భిలాయికి కొండ లేదనుట నిజము కాదు. ఈ ఊరు ఒక కొండను నమ్ముకొని పుట్టినది. ఆ కొండ గూడ్సుబండ్లలో ఇచ్చటికి వచ్చి, కొలిమిలో కరగి, రైలుపట్టాలై దేశమంతట పరచుకొన్నది. ఆ కొండను గూర్చియు, కాలినడకతో ఎక్కుటకు వీలుగా నేటికిని నిలిచియున్న మరియొక కొండను గూర్చియు నాలుగు మాటలు చెప్పుట ఈ ప్రసంగమునకు ఉద్దేశము.

తెలుగువానికి కొండ క్రొత్తది కాదు. అతని దేవుడు కొండపై నుండును. అతని మొక్కు కొండపై తీరును. గట్టి ఆధారమును "కొండంత అండ" యనును. చేతకాని పనిని "కొండమీది కోతి" యనును. అలిపిరి మార్గమున 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు మార్గమున 2,388 మెట్లు ఎక్కి తిరుమల చేరువారు నేటికిని అసంఖ్యాకులు. బస్సు ఉన్నది, మంచి రోడ్డు ఉన్నది. అయినను నడచియే పోవుదురు. ఆషాఢ పౌర్ణమికి సింహాచలము చుట్టును 32 కిలోమీటర్లు కాలినడకన తిరుగు జనమును చూచినవారికి ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు.

తాళ్లపాక అన్నమయ్యను గూర్చిన కథ యొకటి ఈ సందర్భమున తలపునకు వచ్చును. బాలుడైన అన్నమయ్య తొలిసారి తిరుమల కొండ ఎక్కుచు, మోకాళ్ల పర్వతము చెంత అలసి, ఆకలిగొని, ఒక వెదురు పొదక్రింద నిద్రించెనట. అలమేలుమంగమ్మ పెద్దముత్తైదువ రూపమున ప్రత్యక్షమై, ఈ కొండ సాలగ్రామ మయము, చెప్పులతో ఎక్కదగదని తెలిపి, ప్రసాదము పెట్టి ఆకలి తీర్చెనని పెద్దలు చెప్పుదురు. కథలోని మహిమ అట్లుండనిండు. అందులోని ఉపదేశము చిన్నది, స్పష్టమైనది. కొండ అనగా పైనున్న గుడికి వేసిన నిచ్చెన మాత్రమే కాదు. కొండయే పూజ్యము. దానిని పాదముతో తాకి తెలిసికొనవలెను.

ఇట్టి సంస్కారము గల తెలుగువారు భిలాయికి వచ్చిన దారియు కొండల నడుమనే కలదు. విజయనగరమునుండి పార్వతీపురము మీదుగా రాయపూరు వరకు సాగు రైలుమార్గము 1931లో పూర్తియైనది. తూర్పు కనుమలను చీల్చుకొని, సొరంగములు దాటి, ఆ బండి తెలుగువారిని ఈ మైదానమునకు చేర్చినది. శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతములనుండి వచ్చినవారు కర్మాగార నిర్మాణమున మట్టి మోసిరి, ఇటుక పేర్చిరి, పిమ్మట యంత్రముల కడ నిలిచిరి. వారి వెనుక తంతి తపాలా, రైల్వే, ఆదాయపు పన్ను, లెక్కల తనిఖీ మున్నగు కేంద్ర ప్రభుత్వ శాఖలలో పనిచేయు ఉద్యోగులు బదిలీలపై వచ్చిరి.

బదిలీపై వచ్చిన ఉద్యోగి స్థితి విచిత్రమైనది. అతడు ఊరిని మూడు విషయములుగా తెలిసికొనును: క్వార్టర్సు, ఆఫీసు, పిల్లల బడి. నాలుగవది రైల్వే స్టేషను. అది స్వస్థలమునకు పోవుటకు. ఊరి నేల ఎట్టిది, ఊరి చుట్టునున్న చెట్ల పేర్లేమి, ఊరికి అన్నము పెట్టునది ఏది అను ప్రశ్నలకు అతనికి తీరిక యుండదు. "ఇంకొక రెండేండ్లు గడచిన బదిలీ ఉత్తరువు వచ్చును" అని అనుకొనుచు పదిరెండేండ్లు గడిపినవారు కలరు. పిల్లలు ఇచ్చటనే పుట్టి, ఇచ్చటనే పెరిగి, "మీ ఊరేది?" అని అడిగినపుడు తాము ఎన్నడో వేసవిసెలవులలో చూచిన గ్రామము పేరు చెప్పుదురు. ఆ గ్రామము వారిని ఎరుగదు. ఈ ఊరిని వారు ఎరుగరు. ఈ లోటు చిన్నది కాదు. ఈ లోటును పూడ్చుటకు గ్రంథములు చాలవు, ఉపన్యాసములు చాలవు. కాళ్లు కావలెను.

ఇక భిలాయి కొండ కథ. భిలాయికి దక్షిణమున, రైలుదారిలో బాలోదు దాటిన తరువాత, డల్లీ, రాజహరా అను కొండలు కలవు. 2012లో ఏర్పడిన బాలోదు జిల్లాలో నేడవి చేరియున్నవి. ఆ ప్రాంతము పూర్వము లోహారా జమీందారీ. లోహార్ అనగా కమ్మరి. ఇనుము ఆ పేరులోనే ధ్వనించుచున్నది. భూగర్భ పరిశోధన శాఖలో ఉద్యోగియైన ప్రమథనాథ బోసు గారు ఈ ప్రాంతమునంతయు తిరిగి, ఇచ్చటి ఇనుప ఖనిజమును గూర్చియు, గ్రామీణుల ఇనుప కొలిములను గూర్చియు 1887లో వ్రాసిరి. బోసుగారు కూడ ప్రభుత్వోద్యోగియే. బదిలీలు, శిబిరములు ఎరిగినవారే. కాని వారు తాము పోయిన నేలను నడచి చూచిరి. చూచినదానిని పటములో గుర్తించిరి.

ఆ పటము పదునైదు సంవత్సరములకు పైగా నాగపూరులో మౌనముగా నుండెను. ఇరువదవ శతాబ్ది తొలి సంవత్సరములలో జంషెడ్జీ టాటా గారి కుమారుడు దోరాబ్జీ ఉక్కు కార్ఖానాకు తగిన ఖనిజము దొరకక విసిగి, ఆ ప్రయత్నమును విరమించుచున్నామని చెప్పుటకు మధ్యపరగణాల సచివాలయమునకు వచ్చెనట. కలియవలసిన అధికారి ఆ సమయమున లేకుండుటచేత, ఎదుటనున్న మ్యూజియములో కాలక్షేపము చేయుచు, గోడపైనున్న భూగర్భ పటమును చూచెను. దానిలో దుర్గు ప్రాంతము ముదురు రంగుతో గుర్తింపబడి యుండెను. అది ఇనుమునకు గుర్తు. ఒక అధికారి ఆఫీసున లేకపోవుట వలన కూడ దేశమునకు మేలు కలుగవచ్చునని ఈ వృత్తాంతము వలన తెలియుచున్నది.

దోరాబ్జీయు, అమెరికా దేశపు భూగర్భ శాస్త్రజ్ఞుడు వెల్డు గారును వెంటనే బయలుదేరి డల్లీ రాజహరా కొండ ఎక్కిరి. ఎక్కుచుండగా వారి అడుగుల క్రింద రాయి లోహమువలె ఖంగుమని మ్రోగెనని చరిత్ర వ్రాసినవారు చెప్పిరి. గమనింపుడు. పటమున రంగు కనబడెను; కాని నిజము తెలిసినది పాదమునకు. అన్నమయ్యకు చెప్పులు విడిచిన పాదము కొండ మహిమను తెలిపినట్లే, వెల్డు గారికి బూటు క్రింది చప్పుడు కొండ గుణమును తెలిపినది. కొండ తనయొద్దకు నడచి వచ్చినవానికే తన రహస్యము చెప్పును.

అయినను ఆ కొండకు అప్పటికి యోగము పట్టలేదు. ఇనుప ఖనిజము ఒక్కటియే ఉక్కు కాదు; దానికి కోకుబొగ్గు కావలెను, నీరు కావలెను. తగిన బొగ్గు దాపున లేదు. ఇంతలో అదే బోసు గారు, అప్పటికి మయూరభంజ్ సంస్థానములో పనిచేయుచు, అచ్చటి కొండలలోని ఇనుమును గూర్చి 1904 ఫిబ్రవరి 24న టాటా గారికి లేఖ వ్రాసిరి. ఆ చోటు ఝరియా బొగ్గుగనులకు చేరువ. కార్ఖానా అటు తరలిపోయినది. సాక్చీ గ్రామము జంషెడ్‌పురమైనది. రాజహరా కొండ మరల ఇప్పచెట్ల నడుమ నిద్రించెను.

ఆ నిద్ర అర్ధశతాబ్దము సాగెను. 1955లో భారత ప్రభుత్వమును, సోవియట్ ప్రభుత్వమును ఒడంబడిక చేసికొనిరి. ఏటికి 10 లక్షల టన్నుల ఉక్కును చేయగల కర్మాగారము భిలాయిలో వెలసెను. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి డాక్టరు రాజేంద్రప్రసాద్ గారు మొదటి బ్లాస్టు ఫర్నేసును ప్రారంభించిరి. వెల్డు గారి పాదముల క్రింద మ్రోగిన కొండ అప్పటినుండి భిలాయికి కదలి వచ్చుట మొదలిడెను. 1967లో సామర్థ్యము 25 లక్షల టన్నులకును, 1988లో 40 లక్షల టన్నులకును పెరిగెను.

ఇనుము తీయుట తెలుగువారికిని తాతల నాటి విద్యయే. నిజామాబాదు ప్రాంతమున కోనసముద్రములో కమ్మరులు మట్టి మూసలలో కరగించిన ఉక్కును కొనుటకు పారశీక వర్తకులు వచ్చెడివారు. ఆ జాతి ఉక్కుతోనే డమాస్కసు కత్తులు తయారయ్యెడివి. ఆ కమ్మరులు దగ్గరి గుట్టలనుండి గంపలతో ఖనిజమును తెచ్చుకొనెడివారు. గంపతో తీసినచో కొండ తరములపాటు తరుగదు. యంత్రముతో తీసినచో ఒక మనుష్యుని జీవితకాలములోనే తరుగును. భేదము విద్యలో లేదు, పరిమాణములో కలదు.

ఈ పరిమాణమును ఒక చిన్న లెక్కవలన తెలిసికొనవచ్చును. ఒక టన్ను కరిగిన ఇనుము రావలెనన్నచో సుమారు 1.6 టన్నుల ఖనిజము కావలెను. నేటి ముఖ్యమార్గములలో వేయు పట్టా మీటరునకు 60 కిలోల బరువుండును. ఒక కిలోమీటరు దారికి రెండు పట్టాలు. అనగా 120 టన్నుల ఉక్కు. అందుకు సుమారు 190 టన్నుల కొండ కరగవలెను. భారత రైల్వేలకు పట్టాలను సరఫరా చేయుటలో భిలాయిది అగ్రస్థానము. కావున భిలాయి తెలుగు కుటుంబము సంక్రాంతికి స్వస్థలమునకు పోవునప్పుడు, కిటికీప్రక్కన కూర్చున్న పిల్లవానికి బండి క్రింద వినవచ్చు చప్పుడులో రాజహరా కొండ చప్పుడును కొంత కలిసియుండును. నాడు పాదము క్రింద మ్రోగిన కొండయే నేడు చక్రము క్రింద మ్రోగుచున్నది.

కొండ తనంతట తాను కదలి రాలేదు. దానిని త్రవ్వినవారు కలరు. డల్లీ గనులలో చిరకాలము గోండు, హల్బా మున్నగు జాతుల స్త్రీపురుషులు సమ్మెటతో రాయి కొట్టి, గంపకెత్తి, లారీలు నింపిరి. వారి జీవితము సుఖముగా సాగలేదు. 1977 జూన్ నెలలో అచ్చట కార్మికులపై పోలీసు కాల్పులు జరిగి పలువురు మరణించిరి. వారి స్మృత్యర్థము గనికార్మికులు తమ చందాలతో, తమ శ్రమతో ఆసుపత్రి నిర్మించుకొని, 1983 జూన్ 3న ప్రారంభించిరి. షహీద్ ఆసుపత్రి యని దానికి పేరు. కొండను తీసి ఇచ్చినవారు తమకొరకు కట్టుకొన్నది అదియొక్కటే కాకపోవచ్చును. కాని తెలుగు పిల్లలు దాని పేరు వినియుండుట మంచిది.

ఇప్పుడు ఆ కొండలలోని మేలైన ఖనిజము తరిగిపోవచున్నది. కర్మాగారము దృష్టి ఇంకను దక్షిణమున నున్న రావ్‌ఘాట్ కొండలపై నిలిచినది. డల్లీ రాజహరా నుండి అటు రైలుదారి సాగించుచున్నారు. 2022లో ప్రయాణికుల బండి అంతాగఢ్ వరకు పోయినది. వెల్డు గారు ఎక్కినప్పటి రాజహరా కొండను నేడు ఎవ్వరును ఎక్కజాలరు. ఆ శిఖరము మెట్లుమెట్లుగా కోయబడినది. ఎఱ్ఱని గోడలు మిగిలినవి. గని ప్రదేశము గనుక అనుమతి లేక లోపలికి పోరాదు. ఊరు వెలుపలి రోడ్డునుండి చూచినను ఆ ఎఱుపు కంటికి తెలియును.

దీనిని గూర్చి శోకించుట తగునా? తగదు. ఆ కొండ కరగనిదే ఈ ఊరు లేదు, ఈ ఉద్యోగములు లేవు, పిల్లల చదువులు లేవు. స్వస్థలమునకు పోవు దారియు లేదు. అట్లని మరచుట తగునా? అదియు తగదు. అన్నము తిన్న యింటిని తలచుట తెలుగువారి మర్యాద. కొండను తిని బ్రతికిన ఊరు కొండ యన నేమో ఎరుగకుండుట మర్యాద కాదు. రాజహరాను ఎక్కు భాగ్యము తప్పిపోయినది. కాని ఎక్కదగిన కొండ మరియొకటి చేరువనే కలదు. దాని పేరు డోంగర్‌గఢ్.

డోంగర్‌గఢ్ దుర్గునుండి నాగపూరు వైపు పోవు రైలుమార్గమున, రాజ్‌నందగాఁవ్ దాటిన తరువాత, సుమారు 60 కిలోమీటర్ల దూరమున నున్నది. డోంగర్ అనగా కొండ. కొండపై బమ్లేశ్వరీదేవి ఆలయము. క్రింద చిన్న బమ్లేశ్వరి ఆలయము. చైత్ర మాసమునను, ఆశ్వయుజ మాసమునను నవరాత్రులలో లక్షలాది జనము వచ్చును. ఆ రోజులలో కొండ కనబడదు, తలలే కనబడును. భక్తికి ఆ రోజులు మంచివి. కొండను తెలిసికొనుటకు మామూలు రోజులు మంచివి. కార్తీకమునుండి మాఘము వరకు, సెలవుదినము కాని ఒకనాటి ఉదయమున, చలి ఇంకను వీడకముందే మెట్టు మొదట నిలిచినచో, ఆ కొండ ఎంత నిశ్శబ్దమైనదో తెలియును.

మెట్లు వేయికి పైగా కలవు. తిరుమల ఎక్కినవారికి ఇది పెద్ద లెక్క కాదు. కాని కుర్చీలో కూర్చుండి ఫైళ్లు చూచు ఉద్యోగికి చిన్న లెక్కయు కాదు. మొదటి నూరు మెట్లు ఎవరైనను ఉత్సాహముగా ఎక్కుదురు. పిల్లలు ముందు పరుగెత్తుదురు. రెండవ నూరులో ఊపిరి తన ఉనికిని తెలుపును. మూడవ నూరులో ఆఫీసు విషయములు మాట్లాడువారు మానుకొందురు. అదియే ఈ కొండ చేయు మొదటి ఉపకారము. ఎక్కునప్పుడు ప్రక్కవానితో మాట్లాడగలిగినంత నెమ్మదిగా నడువవలెను. మాట తెగిపోవుచున్నచో నిలువవలెను. గుంపునకు వేగము నిర్ణయించువాడు అందరికంటె బలవంతుడు కాదు. అందరికంటె నెమ్మదిగా నడచు అమ్మమ్మ. ఆమె కూర్చున్నచోట అందరును కూర్చుండవలెను. అట్లు కూర్చున్నప్పుడే కొండ కనబడును.

కనబడునది ముఖ్యముగా రాయి. గుండ్రని పెద్ద బండలు ఒకదానిపై నొకటి, ఎవరో పేర్చినట్లు. హైదరాబాదు చుట్టుప్రక్కల గుట్టలను, అనంతపురము గుట్టలను చూచినవారు ఈ బండలను చూడగానే చుట్టమును చూచినట్లు గుర్తింతురు. ఇదియు గ్రానైటు రాయియే. భూగర్భ శాస్త్రజ్ఞులు దీనిని ఈ ఊరి పేరుతోనే డోంగర్‌గఢ్ గ్రానైటు అందురు; దీని వయస్సు 200 కోట్ల సంవత్సరములకు పైమాట. భూగర్భమున కరిగియున్న శిల చల్లారి గట్టిపడి, పైనున్న పొరలు కొట్టుకొనిపోగా బయటపడి, ఎండకు వానకు అంచులు అరిగి గుండ్రనైనది. ఇందులో త్రవ్వి తీసికొనదగిన ఇనుము లేదు. అందుచేతనే ఇది నిలిచియున్నది. రాజహరాకు తన సంపదయే ఎసరైనది. డోంగర్‌గఢ్‌నకు తన పేదరికమే రక్షయైనది.

రెండవది చెట్టు. ఛత్తీస్‌గఢీ స్త్రీలు పర్సా యనునది తెలుగువారి మోదుగ. వారి తేందూ తెలుగువారి తునికి. దాని ఆకుతో బీడీ చుట్టుదురు. వారి మహువా తెలుగువారి ఇప్ప. ఆదిలాబాదు అడవులలో ఇప్పపువ్వు ఏరు గోండు స్త్రీకిని, ఇచ్చట ఏరు స్త్రీకిని చేసంచి ఒక్కటియే, ఋతువు ఒక్కటియే. ఫాల్గుణమున మోదుగలు పూచినప్పుడు గుట్టప్రక్కలు నిప్పంటుకొన్నట్లుండును. తెలుగు పిల్లవాడు ఆ చెట్టుక్రింద నిలిచి రెండు భాషలలోను దాని పేరు చెప్పగలిగిననాడు, అతనికి ఈ ఊరు మకాము కాదు, ఊరే.

పైకి చేరిన తరువాత దర్శనము. ఆలయమును గూర్చి విక్రమాదిత్యుని కథలు, మాధవానల కామకందలల కథ స్థానికులు చెప్పుదురు. వీణ వాయించు మాధవానలుడు, నాట్యమాడు కామకందల, వారిని కలిపిన విక్రమార్కుడు. ఈ కథ ఉత్తర దేశమున పలుభాషలలో కావ్యమైనది. చుట్టునున్న గుట్టలలో ప్రజ్ఞాగిరిపై తూర్పుముఖముగా కూర్చున్న పెద్ద బుద్ధ విగ్రహము కలదు. చంద్రగిరి జైన క్షేత్రము. ఆచార్య విద్యాసాగర మహారాజుగారు 2024 ఫిబ్రవరి 18న అచ్చటనే సల్లేఖన వ్రతమున దేహము చాలించిరి. ఒక్క ఊరిలో మూడు మతములవారును తమ తపస్సునకు కొండనే ఎన్నుకొనుట యాదృచ్ఛికము కాదు. కాలికి శ్రమ కలిగినచోట మనస్సునకు విశ్రాంతి కలుగునని అందరును ఎరిగిరి.

రోపువే కలదు. నడువలేనివారికి, మోకాళ్ల నొప్పులవారికి అది వరము, దానిని నిందింపరాదు. కాని నడువగలవాడు దానిలో పోయినచో గుడిని చూచును, కొండను చూడడు. దిగునప్పుడు మాత్రము ఎక్కునప్పటికంటె జాగ్రత్త అవసరము. ఎక్కుట ఊపిరికి పరీక్ష. దిగుట మోకాలికి పరీక్ష. ఎక్కితిమను సంతోషముతో పరుగున దిగువారికే కాలు మడతపడును. నీళ్లసీసా, ఒక చిన్న చేతికఱ్ఱ, అటుకులో పులిహోరయో కొంచెము ఉండిన చాలును. తినుబండారములను కోతులకు చూపకుండుట మేలు. ఖాళీ సీసాలను, కవరులను క్రిందికి తెచ్చుకొనుట కనీస ధర్మము.

పైన నిలిచి క్రిందికి చూచినచో ఊరు, చెరువులు, పొలములు. వాటి నడుమ హావడా నుండి ముంబయి పోవు రైలుమార్గము. ఒక బండి వచ్చును. అంత ఎత్తునకు దాని చప్పుడు ఆలస్యముగా, మెత్తగా వినబడును. పిల్లలు పెట్టెలు లెక్కింతురు. ఈ చోట పెద్దవారు పిల్లలకు చెప్పదగిన మాట యొకటి కలదు. నిలిచియున్న కొండపైనుండి వారు చూచుచున్నది పరుండియున్న కొండను. ఆ పట్టాలు ఒకనాడు శిఖరములు. వాటిపై ఇప్పచెట్లు మొలచియుండినవి, మనుష్యులు నడచిరి, అడుగు వేసినచో మ్రోగినవి. ఆ శిఖరము ఇట్లు సన్నగా, పొడవుగా సాగి, ఊరికి ఊరిని కలుపుచున్నది. ఈ రెండు కొండలను ఒక్క చూపులో చూడగల చోటు భిలాయివారికి ఇదియొక్కటియే చేరువ.

ఈ మాట విన్న బాలుడు ఒక ప్రశ్న వేయవచ్చును: "ఈ కొండను కూడ కరగింతురా?" పెద్దవారు దీనికి తడుముకొనక బదులు చెప్పవలెను. దీనిలో ఇనుము లేదు, కనుక కరగింపరు అనుట శాస్త్రము. కాని అదియొక్కటియే కారణమైనచో, రేపు గ్రానైటు పలకలకు వెల పెరిగినచో ఏమగును? తెలుగుదేశమున ఎన్ని గుట్టలు వంటగది అరుగులుగాను, సమాధి ఫలకములుగాను మారి ఓడలెక్కినవో కరీంనగరము, ప్రకాశము జిల్లాలవారు ఎరుగుదురు. కావున శాస్త్రముతోపాటు రెండవ కారణము కావలెను. "ఈ కొండను ఎరిగినవారు, ఏటేట ఎక్కువారు ఉన్నారు, వారు ఊరకుండరు" అనుటయే ఆ రెండవ కారణము. కొండకు కాపు ఉత్తరువులవలన మాత్రమే కలుగదు. దానిపై నడచు పాదములవలన కలుగును. సింహాచలము కొండకు ఏటేట లక్షల పాదములు ప్రదక్షిణము చేయుటలో ఈ అర్థమును కలదు.

కొందరు పెద్దలు అనవచ్చును: "వారమంతయు పనిచేసి, దొరికిన ఒక్క సెలవును కొండలెక్కుటకు వ్యర్థము చేయుదుమా?" న్యాయమైన ప్రశ్నయే. కాని సెలవు ఎట్లు గడచుచున్నదో ఎవరికివారు విచారించుకొనవచ్చును. మఱియు ఈ విన్నపము ప్రతివారమును ఎక్కుమని కాదు. ఏటికొకసారి చాలును. ఒకనాడు కుటుంబములు కొన్ని కలిసి డల్లీ రాజహరా పోవు బండి ఎక్కి, బాలోదు దాటిన పిదప నేల రంగు ఎఱుపెక్కుటను పిల్లలకు చూపవలెను. మరియొకనాడు డోంగర్‌గఢ్ మెట్లు ఎక్కవలెను. రెండును చూచిన పిల్లవానికి తాను ఏ నేలపై పెరిగెనో తెలియును. ఆపై బదిలీ ఉత్తరువు వచ్చినను రానిండు. తాను పోవుచున్నది ఒక క్వార్టర్సు నంబరునుండి కాదని, ఒక నేలనుండియని అతడు ఎరుగును.

ఉద్యోగవిరమణ చేసిన పెద్దలకు ఇంకొక మాట. విరమించిన వెనుక స్వస్థలమునకు పోవుటయా, భిలాయిలోనే నిలుచుటయా అను సందేహము ఇచ్చటి తెలుగు ఇండ్లలో తరచుగా వినబడును. ఇండ్ల వెల, కుమారుల ఉద్యోగములు, వైద్యసౌకర్యము అన్నియు లెక్క వేయుదురు. నిర్ణయము ఏదైనను సరియే. కాని నిర్ణయించుటకు ముందు ఒక్కసారి ఆ కొండ ఎక్కి, పైనుండి ఈ మైదానమును చూడవలెను. ముప్పది సంవత్సరములు అన్నము పెట్టిన నేలను ఒక్కసారియైన పూర్తిగా చూడక వీడుట సెలవు పుచ్చుకొనక ఇల్లు విడుచుట వంటిది.

తెలుగువారు ఎచ్చటికి పోయినను గుడి కట్టుదురు, నాటకము ఆడుదురు, ఉగాదినాడు పచ్చడి చేసి నలుగురికి పంచుదురు. ఇవి తాము తెచ్చుకొన్న సొత్తు. చేరిన నేల ఇచ్చు సొత్తు వేరు. దానిని ఎవరును ఇంటికి తెచ్చి యీయరు. నడచి పోయి తెచ్చుకొనవలెను. భిలాయి నేల ఒక కొండను కరగించి ఇచ్చినది, ఒక కొండను నిలిపి యుంచినది. మొదటిదానికి కృతజ్ఞత, రెండవదానికి నడక. ఈ రెండును ఇచ్చటి తెలుగువారు తీర్పవలసిన ఋణములు. వచ్చు కార్తీకమున కొన్ని కుటుంబములైన ఆ మెట్ల మొదట కలిసికొనునని ఆశించుట అత్యాశ కానేరదు.

సభకు శుభమగు గాక. స్వస్తి.